గల్లీకంతా తెలిసిన జవాబు

"పాస్‌వర్డ్ ఎవలికి చెప్పినవే?"

"ఎవ్వలికి చెప్పలేదమ్మా, ఒట్టు."

"చెప్పకపోతె వాడెట్ల జొచ్చిండు? రేకులు పీకి మీదికెల్లి దిగిండా?"

"నీకు చెప్తె సమజ్ గాదు. వాడికి పాస్‌వర్డే అక్కర్లేదు. మర్చిపోయిన అని నొక్కితె ఒక సవాల్ అడుగుతది. దానికి జవాబు చెప్పి లోపటికి పోయిండు."

"గా జవాబన్న ఎవలికి చెప్పినవ్ మరి?"

"నేను చెప్పుడేంది? మీ అమ్మ పుట్టింటి ఇంటిపేరేంది అని అడుగుతది. గల్లీల ఎవలకెరుక లేదు?"

సరిగ్గా అప్పుడే గడప మీద కూర్చున్న మా అత్తమ్మ వీధి వైపు తిరిగి గొంతెత్తింది. "ఓ ఫలానోళ్ల బిడ్డా! తల్లీబిడ్డలు కొట్లాటనే పెట్టుకుంటరా, పొయ్యి మీద అన్నం చూసేదేమన్న ఉన్నదా?"

నా బిడ్డ చెయ్యి చాపి చూపించింది. "అగో, ఇన్నవా? గదే జవాబు."

ఆ రోజుల్లో ముంబై పక్కన మా భివండీలో రహస్యం అనే వస్తువును దాచుకునేంత చోటు ఎవరి ఒంటిగది ఖోలీలోనూ ఉండేది కాదు. కనేరిలో మేముండే గల్లీకి రెండు వైపులా సాంచల (కరెంటు మగ్గాల) షెడ్లే. సాంచలు నడుస్తుంటే చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప మాట వినబడదు కాబట్టి మా వాళ్లందరికీ గొంతులు పెద్దవి. కరెంటు పోయినప్పుడు ఊళ్లో సాంచలన్నీ ఒక్కసారిగా ఆగేవి గాని, అలవాటు పడ్డ గొంతులు మాత్రం తగ్గేవి కావు. అందరిలోకీ పెద్ద గొంతు మా అత్తమ్మది. పెళ్లైన నాటి నుంచి ఆమె నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. నా తల్లిగారి ఇంటిపేరు పట్టుకొనే పిలిచేది. (ఆ ఇంటిపేరు ఇక్కడ రాయడం లేదు. బ్యాంకువాళ్లు ఇప్పటికీ అదే అడుగుతారని నా బిడ్డ గట్టిగా చెప్పింది. అందుకే ఫలానా అని పెట్టాను, చదివేవాళ్లు సర్దుకోవాలి.) కూరలో ఉప్పెక్కువైతే ఫలానోళ్ల చెయ్యే అంత. నూలు కండెలు చుట్టడం ఆలస్యమైతే ఫలానోళ్లకు నిద్రెక్కువ. వాన పడి బట్టలు తడిస్తే, ఆ వానను కూడా మావాళ్లే పంపించినట్టు మాట్లాడేది. ఒక సేఠ్ దగ్గర సాంచలు నడిపే మా ఆయన భోజనానికి వచ్చినప్పుడు ఇదంతా విని "అమ్మా, ఇగ చాలుతియ్" అని నవ్వేవాడు. ఆమె ఆగేది. ఒక వానాకాలం జ్వరంతో ఆసుపత్రికి పోయి ఆయన మళ్లీ రాలేదు. ఆ తర్వాత చాలుతియ్ అనేవాళ్లు ఎవరూ లేక ఆమె ఇంకా ఎక్కువ అరిచేది. నేను బదులు చెప్పేదాన్ని కాదు. అరవడం ఆపేస్తే ఆ ముసలామె ఏడుస్తుందని నాకు తెలుసు. ఆ చిన్న ఖోలీలో ఒకరు ఏడిస్తే తక్కినవాళ్లు పని చేసుకోలేరు.

దొంగతనమైంది నా బిడ్డ అకౌంటు. కాలేజీ పిల్లలంతా నెట్‌లో ఒకచోట దోస్తులను కూడగట్టుకొని ఫోటోలు పెట్టుకునేవాళ్లు, అటువంటిది. మామూలుగా అయితే పోతే పోనీ, పీడా విరగడైంది అనేదాన్నే. కానీ అందులో మా ఆయన ఫోటో ఉంది. దోస్తు ఇంటి నుంచి తెచ్చిన కెమెరాతో మా బిడ్డ ఒక మధ్యాహ్నం తీసింది. తలంతా దూది నూగుతో, భుజం మీద తువ్వాలతో, ఆయన పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న ఫోటో. స్టూడియోలో కడిగిద్దామని బిడ్డ అడిగితే, రోజూ ఎదురుగా తిరిగే మనిషికి ఫోటో ఎందుకే అన్నాను. (నా చేతి నుంచి పైసా రాలడం కష్టమని చుట్టాలంతా అంటారు, తప్పేం కాదు.) కెమెరా వాళ్లు చోటు చాలక అందులోవన్నీ చెరిపేసుకున్నారు. ఇక మిగిలింది ఓటు కార్డు మీది ఫోటో. అందులో ఆయన ఎక్కడో దొంగతనం చేసి దొరికిపోయినట్టు ఉంటాడు. సంవత్సరీకం దగ్గరికొచ్చింది. "నా కొడుకు నవ్వేటి ఫోటో పెట్టుండ్రి. గా ఓటు కార్డుది పెడితె నేను మెతుకు ముట్ట" అని అత్తమ్మ తేల్చేసింది. బిడ్డ ఫోటో తెచ్చేందుకు నెట్ దుకాణానికి పోయి ఏడుస్తూ తిరిగొచ్చింది. అకౌంటు తెరుచుకోలేదు. దోస్తు అకౌంటులోంచి చూస్తే దీని పేరు తీసేసి ఎవడో తన మీసాల బొమ్మ పెట్టుకున్నాడు. ఫోటోలు ఒక్కొక్కటీ తీసేస్తున్నాడు. ఆయన ఫోటో అడుగున ఉంది కాబట్టి అప్పటికి మిగిలింది.

మరునాడు నేనే పోయాను. వరాలా తలావ్ దగ్గర ఇరుకైన దుకాణం, నడిపేది ఒక మరాఠీ అబ్బాయి, మేమంతా నెట్ భావు (నెట్ అన్న) అనేవాళ్లం. "నా బిడ్డ ఎప్పుడూ కూర్చునే కంప్యూటర్ డబ్బా ఏది? మా ఫోటో అందులోంచి తీసి ఇవ్వు" అన్నాను. ఫోటో ఆ డబ్బాలో ఉండదు మౌషీ (పిన్నీ) అని అతను ఎంత చెప్పినా నేను నమ్మలేదు. ఆ డబ్బా ముందున్న కుర్చీలో కొంగు బిగించి కూర్చొని, వచ్చినవాళ్లందరినీ "గీడ మా సామాను ఉంది, అవుతల కూసోండ్రి" అని పంపించాను. కుర్చీలో కూర్చున్నందుకు కూడా కిరాయి పడుతుందని చెప్పాక లేచాను. అప్పుడతను ఓపికగా వివరించాడు. దొంగ ముందు బిడ్డ మెయిల్‌లోకి దూరాడట. దోస్తుల అకౌంటు తాళంచెవి ఆ మెయిల్‌కే వస్తుంది కాబట్టి రెండూ వాడి చేతిలోకి పోయాయి. మెయిల్ తిరిగొస్తే రెండోది దానంతటదే వస్తుంది. దానికి కంపెనీకి అర్జీ పెట్టాలి. మెయిల్ ఎప్పుడు తెరిచావు, పాత పాస్‌వర్డులేవి, ఎవరెవరికి రాశావు అని అడుగుతారు. బిడ్డ అన్నీ గుర్తుచేసుకొని నింపింది. ఇక జవాబు కోసం ఎదురుచూపులు. ఆ రోజుల్లో గల్లీలో ఎవరు ఎదురుపడినా నేను కళ్లు చిట్లించి చూసేదాన్ని. పాలవాడు, సాంచలు బాగుచేసే జాబర్, మూడో ఖోలీ అక్క కొడుకు, అందరికీ నా ఇంటిపేరు తెలుసు, అందరూ దొంగల్లాగే కనిపించారు. "ఏందక్కా, గట్ల చూస్తున్నవ్, కండ్లకలకనా?" అని అక్క అడిగింది. అసలు దొంగ ఎవరో మాకు ఈనాటికీ తెలియదు.

ఒక సాయంత్రం జవాబు వచ్చింది. మెయిల్ తెరుచుకుంది. "ముందుగాల ఫోటో దించు" అన్నాను. నెట్ భావు ఒప్పుకోలేదు. "ముందు తలుపు మూయాలి మౌషీ, సామాను తర్వాత చూసుకుందాం. పాస్‌వర్డు మార్చి, సవాలు కూడా మార్చకపోతే వాడు మళ్లీ అదే దారిలో వస్తాడు" అన్నాడు. పాస్‌వర్డు మార్చారు. అంతలో కరెంటు పోయింది. దుకాణంలో బ్యాటరీ కాసేపే పనిచేస్తుంది. ఎవరికీ తెలియని జవాబు కావాలి. పుట్టిన ఊరు? గల్లీలో సగం మందిది అదే ఊరు. మొదటి బడి? అందరి పిల్లలదీ అదే బడి. ఇష్టమైన కూర? మా ఇంట్లో ఏం వండామో మసాలా వాసనతోనే పక్క ఖోలీకి తెలిసిపోతుంది. తల పట్టుకున్నాం. ఉన్నట్టుండి బిడ్డ అంది, "అమ్మా, నీ ఇంటిపేరు నాయినమ్మ ఒర్లుతది. మరి నాయినమ్మ తల్లిగారి ఇంటిపేరేంది?" నాకు తెలియదు. ఇన్నేళ్లు ఒకే చూరు కింద ఉండి నాకు తెలియదు.

బిడ్డను డబ్బా ముందు కూర్చోబెట్టి ఇంటికి ఉరికాను. సాంచలన్నీ ఆగిపోయి ఊరంతా చెవులు రిక్కించినట్టుంది. అత్తమ్మ చీకట్లో గడప మీదే ఉంది. పక్కన కూర్చొని మెల్లగా అడిగాను.

"అత్తమ్మా, నీ తల్లిగారి ఇంటిపేరేంది?"

"ఎందుకే? ఇగ మా తల్లిగారి మీద పడ్డవా?"

"గట్టిగ మాట్లాడకు. నీ కొడుకు ఫోటో కోసం. ఎవలకెరుక లేని పేరు కావాలె."

ఆమె గడప చెక్కను వేలితో గీకింది. మర్చిపోయిందేమో అనుకున్నాను. అంతలో, "మా అత్త పిలిచేది గట్ల. తిట్టేటప్పుడు. ఆమె పోయినంక ఎవలు పిలువలే" అంది. తర్వాత నా చెవి దగ్గరికి వంగి ఆ పేరు చెప్పింది. ఆమె గుసగుసలాడడం నేను వినడం అదే మొదలు. చెప్పాక తనలో తాను ఇంకోసారి అనుకుంది, సరిగ్గా ఉందో లేదో చూసుకుంటున్నట్టు.

"ఎవలకు చెప్పకు అత్తమ్మా."

"ఎవలకు చెప్తనే? అడిగేటోళ్లుంటె గద."

ఆ పేరును నోట్లో పెట్టుకొని దుకాణానికి పరుగెత్తాను. దారిలో మూడో ఖోలీ అక్క "ఎటు ఉరుకుతున్నవ్?" అంటే, నోరు తెరిస్తే పేరు జారిపడుతుందని కొంగు అడ్డం పెట్టుకొని పోయాను. (ఫలానామెకు పళ్లు నొప్పంట అని ఆమె గల్లీ అంతా చెప్పింది.) బ్యాటరీ కూతపెడుతుండగా బిడ్డ ఆ పేరు కొట్టింది. దోస్తుల అకౌంటూ తెరుచుకుంది. మీసాలవాడి కింద ఇంకా నాలుగైదు ఫోటోలు మిగిలాయి. ఆఖరున మా ఆయన నవ్వుతున్నాడు. ఎందుకు నవ్వాడో అది చూశాకే గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం కూడా కరెంటు లేదు. అత్తమ్మ గడప మీద నుంచి, ఓ ఫలానోళ్ల బిడ్డా, మంచినీళ్లియ్యవా అని అరుస్తోంది. ఆయన నా వైపు తిరిగి నవ్వాడు. ఫోటోలో ఆయన చూస్తున్నది కెమెరాను కాదు, నన్ను. ఎదురుగా తిరిగే మనిషికి ఫోటో ఎందుకు అన్న ఆ పొదుపు ఇల్లాలు ఇప్పుడు కనబడితే మందలించాలో, పక్కన కూర్చోబెట్టుకోవాలో నాకు తెలియదు. అప్పట్లో బడికి పోయే నా కొడుక్కి పెళ్లై ఇప్పుడు నేనూ అత్తనే. మనవరాలి ఫోను దాని మొహం చూసి తెరుచుకుంటుంది. నా కోడలి తల్లిగారి ఇంటిపేరు నా నాలుక చివర దాకా వచ్చి ఆగిపోతుంది. నా ఇంటిపేరు పిలిచేవాళ్లు మాత్రం ఇక లేరు. దాన్ని ఇప్పుడు ఏ సవాలుకైనా భయం లేకుండా పెట్టుకోవచ్చు.

ఫోటో దొరికిన మరునాడు పొద్దున సాంచలు ఇంకా మొదలుకాలేదు. ఫోటో కడిగించడానికి బిడ్డ స్టూడియోకు పోయింది. నేను లోపల కండెలు సర్దుతున్నాను. అత్తమ్మ గడప మీద కూర్చొని ఎప్పటిలాగే నోరు తెరిచింది. ఓ అంది. ఆగింది. గల్లీలో అటూ ఇటూ చూసింది. గొంతు తగ్గించి నా పేరు పెట్టి పిలిచింది. ఎవరిని పిలుస్తోందో నాకు వెంటనే తెలియలేదు. ఆమె రెండోసారి పిలిచాక లేచి చాయ్ పెట్టాను.