నెల పట్టీ

మా మనవడి బడివాళ్లు ప్రతి నెలా మొదట్లో ఫోనుకు ఒక సందేశం పంపిస్తారు, ఈ నెల పిల్లలకు తరగతిలో ఏమేం చెప్తున్నారో. రంగురంగుల అక్షరాలు, మూలమూలనా పువ్వులు. మొన్న దాన్ని మా అమ్మాయి చదివి, "ఈ నెల కొత్తవేం లేవమ్మా, అంతా రివిజనేనట. వారం రోజులు మానిపించి ఎటైనా వెళ్లొద్దామా?" అంది. కాఫీ తాగుతున్నదాన్ని గ్లాసు ఠక్కున కింద పెట్టి, "ఏం అక్కర్లేదు, పంపించాల్సిందే!" అని అరిచేశాను. అల్లుడు కూడా పేపరులోంచి తలెత్తి చూశాడు. అంత కోపం ఎందుకొచ్చిందో వాళ్లకు తెలియదు. చెప్పే ఓపిక నాకూ లేకపోయింది.

తొంభైల్లో మా ఆయనకు ఇటు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికితే కోస్తా నుంచి వచ్చి మేడ్చల్‌లో కాపురం పెట్టాం. అత్వెల్లి దారిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో నాకు మూడో తరగతి అప్పగించారు. మా పెద్ద టీచరుగారికి ఒక పట్టుదల ఉండేది. ఈ నెల ఏ పాఠాలు చెప్తామో కాగితం మీద రాసి, ప్రతి పిల్ల చేతా ఇంటికి పంపాలి. దాన్ని నెల పట్టీ అనేవాళ్లం. జిరాక్సులకు డబ్బులెక్కడివి? కార్బన్ కాగితాలు పెట్టి నలభైమందికీ చేత్తో రాయడమే. అయిదో కాపీకి వచ్చేసరికి ఏడో ఎక్కమో, మొక్క భాగాలో దేవుడికే తెలియాలి. అటు ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచంలో అత్తగారు, పొద్దున నాలుగింటికి లేస్తే మళ్లీ నడుం వాల్చేది పదింటికి. నెలాఖరు వస్తోందంటే ఏడుపొచ్చేది.

నా తరగతిలో ఒక పిల్ల ఉండేది. అమ్మా నాన్నా ద్రాక్షతోటలో పనిచేస్తూ తోటలోనే ఒక గదిలో ఉండేవాళ్లు. అప్పట్లో ఆ చుట్టుపక్కలంతా ద్రాక్ష పందిళ్లే. పట్టీ ఇచ్చిన సాయంత్రం ఆ తల్లి బడి గేటు దగ్గర నిలబడేది, చేతులు తోటకు కొట్టే పురుగుమందు వాసన వేస్తూ. "గీ నెల ఏం జెప్తున్రు టీచరమ్మా? జర సదివి చెప్పుండ్రి. ఇంటికాడ మా ఆయన అడుగుతడు. కొత్తది ఏమన్న నేర్సుకుంటాందంటేనే బడికి పంపుతడు, లేకుంటె తోట పనికి తోల్కవోత అంటడు." నేను చదువుతుంటే పెదవులు కదుపుతూ ఒక్కొక్కటీ వల్లించుకునేది. రెండోసారి చదవమనేది, మూడోసారి కూడా. ఈలోగా నా బస్సు నా కళ్లెదుటే వెళ్లిపోయేది. తర్వాతి బస్సుకు ముప్పావుగంట. జూన్ నుంచి నెలకొకసారి ఇదే తంతు.

సంక్రాంతి సెలవులయ్యాక ఆ పిల్లకు గడగడా చదవడం వచ్చేసింది. నాకు గర్వంగానే ఉంది గానీ, దాపరికమెందుకు, బస్సు దొరుకుతుందన్న సంతోషమే ఎక్కువ. "ఇక నువ్వు రానక్కర్లేదమ్మా, నీ కూతురే చదివి చెప్తుంది" అన్నాను. ఆ తల్లి ముఖం వెలిగిపోయింది. నిజంగానే మళ్లీ గేటు దగ్గరకు రాలేదు.

పరీక్షల ముందు నెలలో కొత్త పాఠాలుండవు. అంతకు ముందేడాది ఇదే నెలకు ఇంత బారున, ఏ వారం ఏది మళ్లీ చెప్తామో రాశాను. ఈసారి అత్తగారికి జ్వరం, నాకు నిద్ర లేదు. "ఈ నెలలో కొత్త పాఠాలు లేవు. పాత పాఠాలే." అని రెండు ముక్కలు రాసి, హమ్మయ్య అనుకున్నాను. మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. వారం తర్వాత గానీ తోటకు వెళ్లలేకపోయాను.

పందిరి కింద అందరూ గుత్తులు కోస్తున్నారు. పిల్ల చేతిలో కత్తెర. తండ్రి నన్ను చూసి, మర్యాదగా తలపాగా తీశాడు. మందలిద్దామనే వెళ్లాను. "అన్ని పాతయే అని మీరే రాసిన్రు గద టీచరమ్మా. వచ్చినయే మల్ల మల్ల సదువుడు దేనికి? ఈడ కోత ఆగదు. కొత్తయి సురువైనంక పంపిస్త, మీరు పరేషాన్ గాకుండ్రి" అన్నాడు. తల్లి గంప నెత్తిన పెట్టుకుని, నావైపు చూడకుండా వెళ్లిపోయింది. పిల్ల మాత్రం దగ్గరికొచ్చి, నేను రాసిన రెండు వాక్యాలూ ఒత్తులు తప్పకుండా, నేను నేర్పినట్టే ఒప్పజెప్పింది. "నాయినకు గిట్లనే సదివిన. తప్పు సదివిన్నా టీచర్?" అని అడిగింది. "లేదమ్మా, చాలా బాగా చదివావు" అన్నాను.

కొత్త పట్టీ రాసి పంపుతానని తండ్రికి చెప్పి వచ్చాను. రాయడానికి రెండు రోజులు పట్టింది. నాలుగో తరగతి లెక్కలూ పాఠాలూ కలిపి నిండుగా రాశాను, అవన్నీ నిజంగానే చెప్దామనుకున్నాను. మా బడి ఆయా తీసుకెళ్లి, మడత విప్పకుండానే వెనక్కి తెచ్చింది. "కోత అయిపోయిందట టీచర్, ఆల్లు షామీర్‌పేట దిక్కు పోయిన్రట." ఒక ఆదివారం షామీర్‌పేట బస్సెక్కాను. దిగి చూస్తే ఎటు చూసినా తోటలే, ఎవరి తోట అని అడగను? జూన్‌లో కొత్త పాఠాలు మొదలయ్యాయి. ఆ పిల్ల రాలేదు.

తర్వాత ఆ తోటలన్నీ ప్లాట్లయ్యాయి, పందిళ్ల చోట రంగు రాళ్లు పాతారు, తుర్కపల్లిలో కొత్తగా వెలిసిన మందుల కంపెనీల కార్లు ఆ దారిన తిరగడం మొదలైంది. నేను ఉద్యోగం మానేదాకా పరీక్షల ముందు నెల పట్టీలో ఏదో ఒక కొత్త పాఠం రాసి, చెప్పేదాన్ని. పిల్లల్ని గందరగోళపెడుతున్నావని పెద్ద టీచరుగారు చీవాట్లు పెట్టేవారు. పెట్టనీ.

మనవడు వారమంతా బడికి వెళ్లొచ్చాడు, నన్ను తిట్టుకుంటూనే. నాకు మోకాళ్లు అరిగాయి, చూపు తగ్గింది, పాత పేర్లు సగం మరిచిపోయాను. ఆ పిల్లకు ఇప్పుడు మనవడంత కొడుకు ఉండే వయసు. తప్పు చదివానా అని అడిగే ఆ గొంతు మాత్రం నాకింకా మూడో తరగతిలోనే ఉండిపోయింది.