పెయ్యదూడ కాలికి లేసు దారం

ఒక పెయ్యదూడ కాలు నా వల్ల విరిగింది, నా చిన్నప్పుడు. నరసాపురం దగ్గర పల్లె మాది. మా పొలానికి వెళ్లాలంటే చేలకి నీళ్లు పారే పంటబోదె మీద వంతెనలా వేసిన తాటిపట్టె దాటాలి. పశువుల్ని దాని మీద నడిపించొద్దని, నీళ్లలోంచే దాటించాలని మా తాతయ్య వందసార్లు చెప్పారు. పరికిణీ తడుస్తుందని నేను దూడని పట్టె మీదే లాక్కెళ్లాను. అది జారింది. ముందరి కాలు పట్టెకీ గట్టుకీ మధ్య ఇరుక్కుపోయింది.

పక్క ఊరి నుంచి కట్లు కట్టే పెద్దాయన వచ్చి, గుడ్డుసొనలో తడిపిన గుడ్డ చుట్టి, వెదురుబద్దలు పెట్టి కట్టారు. "మూడు వారాలకి విప్పేసి రోజూ నడిపించండి, లేకపోతే కీలు బిగుసుకుపోద్దండి" అని చెప్పి వెళ్లారు. తాతయ్య నన్ను ఒక్క మాట అనలేదు. నాన్నమ్మతో మాత్రం, కుంటిదైతే సంతకి తోలెయ్యడమే అనడం నేను విన్నాను. నన్ను రెండు తిట్టినా బాగుండేది.

మూడు వారాలకి కట్టు విప్పి, నడిపించే పని నాకే అప్పగించారు. దూడ లేచి నిలబడగానే ఆ సన్నటి కాలు గడగడ వణికింది. నా ప్రాణం పోయినంత పనైంది. మళ్లీ విరిగితే సంతకే కదా! ఆ మధ్యాహ్నం పెద్దవాళ్లు కునుకు తీస్తుండగా అవే వెదురుబద్దలు ఏరుకొచ్చి, పక్కింటి అక్క బుట్టలోంచి లేసు అల్లే దారం ఉండ తీసుకుని, పశువుల పాకలో దూడ కాలికి శక్తికొద్దీ బిగించేశాను. సాయంత్రం ఎవరూ రాకముందే విప్పేసి, నడిపించానని చెప్పేదాన్ని. ఇలా నాలుగు రోజులు. ఆ కాలు కదలకుండా ఉన్నంతసేపూ నాకు ధైర్యంగా ఉండేది.

పక్కింటి అక్క నరసాపురంలో కాలేజీకి వెళ్లి బైపీసీ చదివేది. అరుగు మీద కూర్చుని చేత్తో లేసు అల్లుతూ, నోటితో పాఠం వల్లించేది. కణమంటే ఇంటికి ఇటుకలాంటిదని, కంటికి కనపడనంత చిన్నదని, మొక్కల కణాల చుట్టూ గట్టి గోడలుంటాయని, జంతువుల కణాలకి ఉండవని ఆమె నోటే విన్నాను. దేవుడు పశువులకి అన్యాయం చేశాడనిపించింది నాకు.

ఐదోరోజు దారం వెతుక్కుంటూ అక్క పాకలోకి వచ్చింది. దూడ కాలి చుట్టూ తన తెల్లదారం చూసింది. నేను ఏడుపు ఆపుకోలేక, "మన కణాలకీ గోడలుంటే కాలు విరిగేది కాదు గదక్కా!" అన్నాను. ఆమె కోప్పడలేదు. "సరే, నీకు గోడలు పెట్టి చూద్దాం, చెయ్యి పట్టు" అని, దూడ కాలి బద్దలు విప్పి నా కుడిచేతికి, మోచెయ్యి వంగకుండా కట్టింది. ఇంట్లోంచి బెల్లంముక్క తెచ్చి అదే చేతిలో పెట్టి తినమంది.

చెయ్యి నోటిదాకా వస్తే గదా! నేను తంటాలు పడుతుంటే అక్క పక్కనే కూర్చుని కబుర్లు మొదలెట్టింది. నీకు ఒంటినిండా గోడలే అనుకో, అంది. ఎముకలక్కర్లేదు, కొబ్బరిచెట్టులా నిటారుగా నిలబడొచ్చు. కానీ గాలివానొస్తే పరిగెత్తి చూరు కిందకి చేరలేవు. చెట్టు వేళ్లతో నీళ్లు తాగుతుంది, ఆకులతో ఎండ తింటుంది, దానికి సరిపోతుంది. మరి ఆవుకి ఆ గోడలుంటే? మెడ తిప్పలేదు, గడ్డి నమల్లేదు. గాయమైతే పక్కనున్న కణాలు మెల్లగా జరిగొచ్చి పూడుస్తాయట, గోడల్లో ఉన్నవి ఎలా జరుగుతాయి? ఆ మాటంటూనే నా ఎడమచేతిని దూడ రొమ్ము మీద ఆనించింది. లోపల టకటకా కొట్టుకుంటోంది. "ముడుచుకోవడం రాకపోతే ఇది కొట్టుకుంటుందంటావా?" అంది.

అంతలో పక్కనే కట్టేసున్న తల్లి ఆవు మెడ చాపి దూడ వీపు నాకింది. ఆ నాలుక తగిలిన చోటల్లా చర్మం జలదరించింది. నేను దాన్ని నాలుగు రోజులుగా చెట్టుని చేస్తున్నానని అప్పుడు తెలిసింది. చాలా సిగ్గేసింది.

అక్క ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి దూడని బోదె గట్టు మీద నడిపించాను. అది కూలబడినప్పుడల్లా పట్టుకోబోయి, చేతులు వెనక్కి కట్టుకునేదాన్ని. వానలు పడేనాటికి బాగానే నడిచింది గాని, కొద్దిపాటి కుంటు ఉండిపోయింది. అది నా కట్టు వల్లేమో అన్న అనుమానం నాకిప్పటికీ పోలేదు. ఓ సాయంత్రం తాతయ్య గట్టు మీద నిలబడి మా ఇద్దర్నీ చూసి, "దీన్ని సంతకి తోల్తే వెనకాలే నువ్వూ పోయేలా ఉన్నావే" అన్నారు. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఈమధ్య రాజమహేంద్రవరంలో నాకు మోకాలి ఆపరేషన్ అయింది. మోకాలికి బిగించిన బెల్టు తీసేసి కాలు వంచమని డాక్టరు గారు చెప్పి పదిరోజులైనా, ఎవరూ లేనప్పుడు మళ్లీ బిగించుకుంటూనే ఉన్నాను. నిన్న మా మనవరాలికి దొరికిపోయాను. "ఏంటి అమ్మమ్మా ఇది?" అంటే, ఓ బెల్లంముక్క తెచ్చిపెట్టవే అన్నాను. అది తెచ్చేలోగా బెల్టు విప్పాను. కాలు గడగడ వణికింది, అచ్చం ఆ సన్నటి కాలు వణికినట్టే. వణకనీలే అనుకుని వంచాను.