మంచులో చల్లబెట్టిన బ్యాటరీలు

మాది ఆళ్లగడ్డ. నా భార్య తమ్ముడిది నంద్యాల. పెళ్లిళ్లలో డ్రోను ఎగరేసి వీడియోలు తీస్తాడు. అదే అతని బతుకుతెరువు. మే నెల ఎండకు బ్యాటరీలు ఉబ్బుతాయని, ఛార్జింగు నుంచి తీయగానే వాటిని ఐసు ప్యాకెట్లున్న థర్మాకోల్ పెట్టెలో పెట్టి, చల్లారాకే ఎగరేస్తాడు. ఏళ్ల తరబడి అలవాటు అది.

ఈ చలికాలంలో అతనూ అతని భార్యా, నేనూ నా భార్యా మనాలి అవతల మంచు చూడడానికి వెళ్లాం. తిరిగి వచ్చిన వారానికే అహోబిలంలో ఒక పెద్ద పెళ్లి ఒప్పుకుని ఉన్నాడు. ఉన్నది ఒక్క డ్రోనే. అయినా వెంట తెచ్చాడు. మంచుకొండల వీడియో చూపిస్తే పెళ్లివాళ్లు తన కోసం ఎగబడతారని ఆశ.

దారిలో నేను వ్యానులో కునుకు తీస్తుండగా నా సంచిలోంచి డైరీ తీసి పైకి చదివాడు.

"ఇనండప్పా. పొద్దున ఆరు. విరేచనం సాఫీగా. ఇడ్లీలు మూడు. చట్నీలో ఉప్పు ఎక్కువ. అక్కా, ఉప్పు కేసు నీ మీదే రాసినాడు బావ!"

నా భార్య కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. అతను అంతటితో ఆగక డ్రైవరుకు హిందీలో చెప్పాడు. డ్రైవరూ నవ్వాడు. నలభై ఏళ్లకు పైగా ఒక్క రోజు తప్పకుండా రాస్తున్నాను. డైరీ తీసుకుని సంచిలో పెట్టుకున్నాను.

ఏ వస్తువుతో పాటు వచ్చిన సూచనల పుస్తకాన్నయినా మొదటి పేజీ నుంచి చదవడం నా పద్ధతి. ఆ సాయంత్రం హోటల్లో అతని డ్రోను పుస్తకం చదివాను. గడ్డకట్టే చలిలో బ్యాటరీలను ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచుకోవాలని, చల్లబడిన బ్యాటరీ నిండుగా ఉన్నట్టే చూపించి ఉన్నట్టుండి ఆగిపోతుందని రాసి ఉంది. పుస్తకం మడిచి ఎక్కడిది అక్కడ పెట్టేశాను.

మర్నాడు పొద్దున హోటలు గోడకున్న థర్మామీటరులో మైనస్ పద్నాలుగు. కొండ మీదికి వెళ్లాక అతను మంచు మీద తువాలు పరిచి మూడు బ్యాటరీలనూ వరసగా పెట్టాడు.

"ఈడ ఐసు ప్యాకెట్ల పనే లేదు బావా. కొండంతా ఐసే. ఎంతసేపు పెట్టల్ల?"

"నీకు తెలీనిదేముందప్పా. అరగంట పెట్టు," అన్నాను.

గడియారం చూసి అరగంట కాగానే నేనే చెప్పాను. ఒక బ్యాటరీ బిగించి డ్రోను లేపాడు. రిమోటులో తొంభై ఆరు శాతం చూపింది. నేరుగా లోయ మీదికి పంపాడు. ఆడవాళ్లిద్దరూ చేతులూపారు.

"చూడక్కా, ఈ వీడియో చూసినంక నంద్యాలలో ఒక్కడు గూడా ఇంకో స్టూడియో మెట్లెక్కడు!"

రిమోటు కీచుమంది. తొంభై నుంచి ఇరవైకి పడింది.

"ఏందీ ఇది? యాడికి పోతాండావే? రా, ఎనక్కి రా!"

చుక్కంతగా కనిపిస్తున్న డ్రోను ఒక పక్కకు ఒరిగి లోయలోకి పోయింది. పడిన చప్పుడు కూడా వినిపించలేదు.

పడిన చోటు ఫొటో తీయాలని అతను జేబులోంచి ఫోను లాగాడు. చలికి అదీ ఆరిపోయింది. అతని భార్య ఫోనూ అంతే.

"నీ ఫోను ఇయ్యి బావా. బేగా!"

స్వెట్టరు కింద, బనియను లోపల, చేతిగుడ్డలో చుట్టి పెట్టుకున్న ఫోను తీసి ఇచ్చాను. అది పనిచేస్తోంది. అతను ఫొటో తీయలేదు. దాన్ని కొంకర్లు పోయిన వేళ్లతో పట్టుకుని, వెచ్చగా ఉన్న ఆ ఫోను వంకే కాసేపు చూశాడు.

"నీకు తెల్సు కదా బావా?"

"పుస్తకంలో ఉంది," అన్నాను. "పదిహేడో పేజీ."

అహోబిలం పెళ్లికి వేరేవాళ్లు వెళ్లారు. అతనిప్పుడు ఇంకొకరి స్టూడియోలో లైట్లు పట్టుకుంటున్నాడని నా భార్య ఎవరితోనో ఫోనులో అంటుంటే విన్నాను. నాతో అనలేదు.

ఆ రోజు డైరీ ఇప్పుడే తీసి చూశాను. మైనస్ పద్నాలుగు. ఆకాశం నిర్మలం. విరేచనం సాఫీగా. ఆలూ పరోటాలు రెండు. ఉప్పు సరిపోయింది.