అలిగిన నాటి బతుకమ్మ

ఆచారం దగ్గర మా అవ్వ ఎవరినీ క్షమించేది కాదు. బతుకమ్మలో గునుగు పూల వరుస ఒక్కటి వంకరపోయినా మొత్తం విప్పించి మళ్లీ పేర్పించేది. షామీర్‌పేటలో మా వాడ ఆడవాళ్లందరికీ ఆమె నోరంటే హడల్.

తొంభైల్లో ఒక ఏడు మా పక్కింట్లోకి కోస్తా నుంచి కొత్త జంట అద్దెకు దిగింది. అతను పొద్దున్నే బస్సెక్కి సుచిత్ర చౌరస్తాలో ఉద్యోగానికి పోయేవాడు. ఆమె తలుపేసుకుని ఉండేది. ఆమెకు టెక్కు అని మా వాడ తేల్చేసింది. అలా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పటికి నాకు పన్నెండేళ్లు.

బతుకమ్మ పండగలో ఆరో నాడు మేం బతుకమ్మను పేర్చం. ఆ రోజు అమ్మవారు అలిగి ఉంటుందంటారు. పలకరించే దిక్కే లేనప్పుడు ఆ సంగతి పక్కింటామెకు ఎవరు చెబుతారు? ఆ సాయంత్రం మేం అరుగుల మీద ఊరికే కూర్చుని ఉంటే, పట్టుచీర కట్టుకుని, పళ్లెంలో బతుకమ్మతో ఒక్కతే వచ్చింది. తంగేడు దొరకలేదేమో, అన్నీ బంతిపూలే. ఎవరూ పిలవకపోయినా మాలో కలుద్దామని వచ్చిన మనిషి, ఖాళీ వాకిలి చూసి ఆగిపోయింది.

ముందు నవ్వింది నేనే. నా వెనక అందరూ నవ్వారు. ఆమె అప్పుడు వెనక్కి తిరిగి ఉంటే ఇక జన్మలో మా గడప తొక్కేది కాదు.

అవ్వ లేచింది. పక్కింటామె పని అయిపోయిందనుకున్నాను.

“ఏందే గా నవ్వు?” అంది నా వైపు తిరిగి. “ఇయ్యాల అమ్మ అలిగింది. అలిగినోళ్లను బతిమిలాడనీకి ఒక్కలన్న రావాలె గద. మనకెవ్వలకు తోచలే, గీ బిడ్డకు తోచింది.”

పళ్లెం అందుకుని వాకిట్లో దించింది. కొంగు నడుముకు దోపి, మోకాళ్ల నొప్పులతోనే చప్పట్లు మొదలుపెట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఆరో నాడు ఆమె ఆడడం అదే మొదలు. నాకు సిగ్గుతో తల వాలిపోయింది. ఈమె మా అవ్వ అని గర్వంతో గుండె పొంగింది కూడా.

రెండు వేల సంవత్సరం దాటాక మా చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. అప్పటికి అవ్వ లేదు. ఆ పక్కింటావిడ మా వాడలోనే ఇల్లు కట్టుకుంది. ఓ ఏడు ఆరో నాడే, అపార్ట్‌మెంట్లోకి కొత్తగా వచ్చిన అమ్మాయొకతె బతుకమ్మతో దిగి బిత్తరపోయి నిలబడింది. నేను లేచేలోపే ఆవిడ ఎదురెళ్లి పళ్లెం అందుకుంది.

“అలిగినవాళ్లని బతిమాలడానికి ఒక్కళ్లన్నా రావాలి కదమ్మా,” అంటోంది, తన గోదావరి యాసలో.