వంతుల పుస్తకంలో వీచని గాలి

2022 వేసవి. ఆదోనిలో మా విశ్వవిద్యాలయ పీజీ కేంద్రం గ్రంథాలయంలో అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాను. లైబ్రేరియన్ అంటే పుస్తకాలు అటూ ఇటూ సర్దే మనిషి అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మా ఆడపడుచు కూడా వాళ్ళలో ఒకతి. ఆమెకు చెప్పీ చెప్పీ విసిగి, ఈ మధ్య మానేశాను.

నిజానికి అప్పటికే నా పనిలో సగం పుస్తకాలతో కాదు. ఒకటి, రిపాజిటరీ నడపడం. పరిశోధకులు సేకరించిన సమాచారాన్ని ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చూసుకునేలా ఇంటర్నెట్‌లో భద్రపరిచే చోటును రిపాజిటరీ అంటారు. దీన్నే పెద్దవాళ్ళు ఓపెన్ సైన్స్ అంటారు. పరిశోధన బీరువాలో తాళం వేసుకునే సొమ్ము కాదు, నలుగురూ చూసి తప్పొప్పులు చెప్పాలి అని దాని సారాంశం. రెండోది, పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను సమర్పించే ముందు అందులో ఎక్కడైనా కాపీ ఉందేమో సాఫ్ట్‌వేర్‌తో పరిశీలించి సర్టిఫికెట్ ఇవ్వడం.

ఈ రెండో పనిలో నాకు మంచి పేరు లేదు. గడువు రోజు సాయంత్రం ఐదు అంటే ఐదే. ఒకసారి పత్తికొండ నుంచి ఒక స్కాలర్ ఇరవై నిమిషాలు ఆలస్యంగా పరుగెత్తుకుంటూ వచ్చాడు. టమాటా మార్కెట్ దగ్గర ట్రాక్టర్లు అడ్డం పడి బస్సు కదల్లేదన్నాడు. చొక్కా అంతా చెమట. నేను ఫారం తీసుకుని, తేదీ, సమయం వేసి వెనక్కి ఇచ్చాను. అతనికి ఒక టర్ము పోయింది. ఆ ఫారంలో ‘ఆలస్యానికి కారణం’ అని ఒక గడి ఉంటుంది. గ్రంథాలయం వైపు ఇబ్బంది ఉంటే తప్ప ఆ గడి నింపకూడదు; నింపితే గడువు దాటినా చెల్లుతుంది. నేనెన్నడూ నింపలేదు. నా వెనక నన్ను గడియారం మేడమ్ అంటారని తెలుసు. అనుకోనీ, నాకేం?

షబానా ఆదోని అమ్మాయి, భూగోళశాస్త్రంలో పరిశోధక విద్యార్థిని. ఈ ప్రాంతపు గాలులు ఏళ్ళ తరబడి ఎలా మారాయన్నది ఆమె అంశం. వాతావరణ కేంద్రాలు ఇక్కడ ఈ మధ్యే వచ్చాయి. పాత సమాచారం కోసం ఊరూరా తిరిగి, చివరికి ఎమ్మిగనూరులో ఈరమ్మ అనే చేనేత ముసలామె దగ్గర ఐదు లావుపాటి నోటుపుస్తకాలు పట్టింది.

అవి వంతుల పుస్తకాలు. నేతకు ముందు పడుగు దారాలను వీధి పొడుగునా సాచి, కుంచెతో గంజి పట్టించి ఆరబెట్టాలి. తెల్లవారుజామున గాలి లేని వేళే కుదురుతుంది. గాలి లేస్తే దారాలు పెనవేసుకుని తెగుతాయి. వీధిలో ఒకసారికి ఒక పడుగే పడుతుంది కాబట్టి ఇళ్ళవాళ్ళు వంతులు వేసుకునేవారు. గాలికో వానకో వంతు చెడితే ఆ ఇంటికి మర్నాడే మళ్ళీ ఇవ్వాలి. ఇంటివాళ్ళే సిద్ధంగా లేకపోతే మాత్రం వంతు పోయినట్టే, మళ్ళీ చుట్టు తిరిగి వచ్చేదాకా ఆగాలి. తగాదాలు రాకుండా ఈరమ్మ రోజూ ఇంటి పేరు రాసి, పక్కన ‘అయింది’, ‘గాలి’, ‘వాన’, ‘తప్పింది’ అని నాలుగింటిలో ఒకటి రాసేది. వీధికి సిమెంటు వేసి, ఆటోలు తిరగడం మొదలయ్యాక ఆ పని ఆగిపోయింది. పుస్తకాలు అటక మీద మిగిలాయి.

షబానా వాటిని తెచ్చిన రోజు నేను ముచ్చటపడ్డానని ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళ ఉదయపు గాలి లెక్క ఏ ఆఫీసులో దొరుకుతుంది? పేజీలన్నీ స్కాన్ చేయించాను, పట్టికలుగా మార్పించాను, రిపాజిటరీలో పెట్టాను. స్కాన్‌లు కూడా యథాతథంగా, ఇళ్ళ పేర్లతో సహా. బెంగళూరు, హైదరాబాదు పరిశోధకులు కలిసి చేస్తున్న ఒక ఉమ్మడి ప్రాజెక్టు దాన్ని వాడుకుంది. మా చిన్న గ్రంథాలయం పేరు వాళ్ళ జాబితాలో చూసి నేను మిఠాయి పంచాను.

ఏడాది తిరక్కుండా బెంగళూరు పరిశోధకుడి నుంచి ఉత్తరం వచ్చింది. చివరి పుస్తకంలోని కొన్ని తేదీలను ఆయన కొత్త వాతావరణ కేంద్రం లెక్కలతో పోల్చి చూశాడు. ఈరమ్మ ‘గాలి’ అని రాసిన పదకొండు రోజుల్లో అక్కడ ఆకు కదిలేంత గాలి కూడా లేదు. మర్యాదగానే రాశాడు కానీ చివరి వాక్యం మర్యాదగా లేదు. ఈ నమోదులు పుస్తకంలో మొదటినుంచీ ఉన్నాయా, స్కాన్ చేసే ముందు చేర్చారా అని అడిగాడు.

అంటే షబానా దొంగ లెక్కలు రాసిందా అని. ఆమె గైడు ఆ అధ్యాయం ఆపేశాడు. సందేహం తీరేదాకా సంతకం పెట్టనన్నాడు. ఆమె రిజిస్ట్రేషన్ గడువు ఆ టర్ముతోనే ముగుస్తుంది. ఆరేళ్ళ చదువు, అంతకంటే ముఖ్యంగా ఆమె నిజాయితీ, ఆ పదకొండు మాటల మీద ఆగిపోయాయి.

షబానా ఉత్తరం నా బల్ల మీద పెట్టి, కూర్చోకుండానే అంది: “నేను ఒక్క అక్షరం మార్చలేదు మేడమ్. స్కాన్‌లు మీ దగ్గరే ఉన్నాయి కదా.”

“ఉన్నాయి. పట్టికలో నువ్వు మార్చలేదని చూపించగలను. గాలి ఎందుకు లేదో మాత్రం చూపించలేను. పద, రాసినామెనే అడుగుదాం.”

ఇద్దరం బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాం. ఈరమ్మ గడప మీద కూర్చుని, రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుడుతోంది. డెబ్బై దాటిన మనిషి, మాట మాత్రం కణకణమంటుంది. షబానా ఉత్తరం చదివి వినిపించింది.

“ఆ పొద్దు గాల్లేదని సెప్పేదానికి ఆ బెంగుళూరాయప్ప మా ఈదిలో నిలబడినాడా?” అంది ఈరమ్మ.

“మిషన్ చెప్పింది అవ్వా.”

ఈరమ్మ చేతిలో రాట్నం ఆగింది. పదకొండు తేదీలూ ఒక్కొక్కటే చదవమంది. విన్నాక నవ్వింది.

“నిజమేలే. గాల్లేదు. యాడిది గాలి?”

షబానా ఉత్తరం మడిచింది. “మరెందుకు రాసినావు అవ్వా?”

“ఒగ ఇంట్లో మొగోడు తాగి పండుకున్నాడు. ఇంగొగ ఇంట్లో కోడలుబిడ్డకు రాత్రే కడుపు పోయింది. పడుగు సాచేదానికి లెయ్యగలదా? ఈదిలో సెప్పుకునే మాటనా అది? ‘తప్పింది’ అని రాస్తే మళ్ళా వంతు వచ్చేవరకూ మగ్గం ఖాళీ. ఈది మొత్తం ఎందుకు తప్పిందని అడుగుతాది. అందుకే గాలి అని రాసినా. గాలి మీద ఎవురికి కోపమొస్తాది?”

“ఎవరూ అడగలేదా? ఆ పొద్దు గాలి లేదని వాళ్ళకూ తెలుసు కదా,” అన్నాను.

“ఎందుకు తెల్దు? అందరికీ తెల్సు. ఎవురింటికి ఎప్పుడు గాలి కావాల్నో ఎవురికి తెల్సమ్మా? ఊరుకున్నారు.”

షబానా ముందుకు వంగింది. “ఇదే మాట రాసిస్తే నా పని అయిపోతుంది అవ్వా. ఏ రోజులు నిజం గాలి కాదో పుస్తకాలన్నీ చూసి గుర్తు పెట్టు. పాత పుస్తకాల్లో కూడా ఉంటాయి కదా.”

“ఉండాయి. గుర్తు పెడ్తాలే, దాందేముంది.” అని, ఈరమ్మ నా వైపు తిరిగింది. “ఆ పుస్తకాలు మీ ఆపీసులోనే ఉంటాయి గదా మేడమ్మా?”

ఇంటర్నెట్‌లో ఉన్నాయని చెప్పాను. ఎవరైనా చూడవచ్చని కొంత గర్వంగానే చెప్పాను.

“మా ఈది పిల్లోళ్ళ ఫోన్లలో కూడానా?”

“అవును పెద్దమ్మా.”

“ఇండ్ల పేర్లతోనా?”

అప్పుడు తగిలింది నాకు. ఆమె అబద్ధపు గాలుల్ని గుర్తు పెట్టిన మరుక్షణం, ఎవరైనా ఆ తేదీ పట్టుకుని స్కాన్ తెరిస్తే చాలు, ఏ ఇల్లో తెలిసిపోతుంది. కడుపు పోయిన ఇల్లు, తాగుబోతు ఇల్లు, అన్నీ. అందరికీ తెలిసేలా పెట్టడమే నా ఉద్యోగం అనుకున్నాను కానీ, ఆ పుస్తకంలో ఇళ్ళ పేర్లున్న మనుషులు ఇంకా అదే వీధిలో ఉంటారని ఒక్కసారీ ఆలోచించలేదు. సిగ్గేసింది. బయటికి అనలేదు గానీ, చాలా సిగ్గేసింది.

ఈరమ్మ కండెకు మిగిలిన నూలు చుట్టింది. తర్వాత షబానాను చూపించి, “గుర్తు పెట్టకపోతే ఈ బిడ్డది పోతాదా?” అంది.

“పోతుంది,” అన్నాను.

“పెడితే మా ఈదిది పోతాది.” కండె పక్కన పెట్టింది. “ముందు ఆ పేర్లు తియ్యి మేడమ్మా. తీసినావని నాకు సూపీ. నీ కాడికి నేనే వస్తా.” అంతదాకా ఈ సంగతి బయటపెట్టబోమని మాటిచ్చి వచ్చాం.

పేర్లు తీయడం చెప్పినంత సులువు కాదు. రిపాజిటరీలో ఒకసారి పెట్టినదాన్ని చెరపకూడదన్నది మా మొదటి నియమం. తప్పులుంటే కొత్త వెర్షన్, అంటే సవరించిన ప్రతి, పెట్టాలి గానీ పాతది అలాగే ఉండాలి. లేకపోతే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో తెలియదు. ఈ నియమం గురించి నేనే సెమినార్లలో ఉపన్యాసాలు దంచాను. ఇప్పుడు దాన్ని దాటడానికి కమిటీకి నేనే రాయాలి. రాశాను. వాళ్ళు ప్రశ్నలు వేశారు, జవాబులు రాశాను, మళ్ళీ వేశారు. కారణం పూర్తిగా రాస్తే రహస్యం కమిటీ ఫైల్లో పడుతుంది. అందుకని ‘వ్యక్తుల గోప్యత’ అని రెండు మాటలతో సరిపెట్టాను. వాళ్ళకు అది చాలలేదు. వారాలు గడిచాయి.

షబానా రోజూ వచ్చి చదువుకునే గదిలో కూర్చునేది. ఒక రోజు ఉండబట్టలేక, “ఆ పదకొండు రోజుల సంగతి బెంగళూరుకు నువ్వే రాసెయ్యవచ్చు కదా? నీ గడువు దగ్గరికొస్తోంది,” అన్నాను.

“అవ్వకు మాటిచ్చినాము కదా మేడమ్,” అంది. తల ఎత్తలేదు.

చివరికి అనుమతి వచ్చింది. స్కాన్‌లూ పాత పట్టికా తీసేశాం. రిపాజిటరీలో వాటి వెబ్ పేజీ మాత్రం అలాగే ఉంచి, గోప్యత కారణంగా ఉపసంహరించామని రాశాం. కొత్త పట్టికలో ఇళ్ళ గడి లేదు. మర్నాడే ఈరమ్మ ఎమ్మిగనూరు నుంచి ఒంటరిగా బస్సులో దిగింది. కంప్యూటర్‌లో పేర్లు లేవని తానే చూసుకుంది. నా గదిలో తలుపు దగ్గరకేసి, పెన్సిల్ పట్టుకుని, ఐదు పుస్తకాలూ సాయంత్రం దాకా తిరగేసింది. ఎక్కడా పేరు పలకలేదు. కొన్ని పేజీల దగ్గర ఆగి, పైట చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. నేను కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను.

గుర్తులు పెట్టడం అయ్యాక, సమాచారం నమోదు చేసిన వ్యక్తిగా ఆమె పేరు పెట్టవచ్చా అని అడిగాను.

“నా పేరా? దేనికి?”

“పుస్తకం నీది కదా.”

ఆలోచించింది. “పెట్టు. తప్పు రాసింది నేనేనని ఉండల్ల గదా. ఈ బిడ్డది కాదని.”

కొత్త వెర్షన్ వివరణలో ఒకే వాక్యం చేర్చాం: గుర్తించిన రోజుల్లో గాలి నమోదు వాతావరణాన్ని సూచించదని, నమోదు చేసిన వ్యక్తే సరిచూశారని. బెంగళూరు ఆయన క్షమాపణ చెప్పాడు. గైడు సంతకం పెట్టాడు. షబానా లెక్కలన్నీ మళ్ళీ వేసి, అధ్యాయం తిరగరాసింది.

అప్పటినుంచి రిపాజిటరీలోకి ఏం వచ్చినా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: దీన్ని రాసినవాళ్ళు ఎవరి కోసం రాశారు? జవాబు తెలిసేదాకా అప్‌లోడ్ బటన్ ముట్టను. ఓపెన్ సైన్స్ మీద నమ్మకం తగ్గలేదు. నలుగురూ చూడబట్టే కదా తప్పు బయటపడింది. అది దిద్దడానికి మాత్రం ఆ గడప దాకా వెళ్ళాల్సి వచ్చింది.

ఇంకో సంగతి ఉంది. షబానా సిద్ధాంత గ్రంథం నా బల్ల మీదికి గడువు దాటిన రెండు రోజులకు వచ్చింది. ఆలస్యం నిజంగా గ్రంథాలయం వల్లే. అయితే ఆ నిజం రాస్తే స్కాన్‌లెందుకు తీశాం, ఏ రోజులు, ఏ ఇళ్ళు అని మళ్ళీ మొదటికొస్తుంది. ఆమె ఏమీ అడగలేదు. గడియారం మేడమ్‌ను అడిగి లాభం లేదనుకుని ఉంటుంది.

‘ఆలస్యానికి కారణం’ గడిలో ‘రెండు రోజులు సర్వర్ పనిచేయలేదు’ అని రాసి సంతకం పెట్టాను. ఆ రెండు రోజులూ సర్వర్ నిక్షేపంగా ఉంది.

ఫారం ఫైల్లో పెట్టబోతే పత్తికొండ అబ్బాయిది కంటపడింది. తేదీ, సమయం, నా సంతకం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ గడి మాత్రం ఖాళీగా ఉంది.