ఏడో నెలలో అల్లిన టోపీ

అల్లుతూ కూర్చుంటే మనసు నెమ్మదిస్తుందని అంటారు. ఆ మాట అన్నవాళ్లెవరూ అత్తను పక్కన కూర్చోబెట్టుకుని అల్లి ఉండరు. నాకు మాత్రం సూదులు చేతిలోకి రాగానే కోపం వస్తుంది. దీపావళి దాటి, పొద్దున పూట నల్లా నీళ్లు చేతికి చురుక్కుమనడం మొదలైతే దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి ఊలు తెచ్చుకుంటాను. ఆ రోజు నుంచి ఇంట్లో అందరూ నాతో ఆచితూచి మాట్లాడతారు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, నా కోపం కూడా దాంతోనే పోతుందని మా ఆయన అంటాడు. పోదు. మిగిలిన ఊలుతో పాటు దాన్నీ పెట్టెలో పెట్టి మూత వేస్తాను, అంతే.

మా ఇల్లు మన్సూరాబాద్‌లో. మా ఆయన బస్సు డ్రైవరు. తెల్లవారకముందే బండి మీద హయత్‌నగర్ డిపోకు పోవాలి, హైవే గాలికి చెవులు పట్టేస్తాయి. ఆయనకు హెల్మెట్ లోపల ఇమిడేలా పలచటి టోపీ అల్లుతాను. అత్తమ్మకు చెవులూ మెడా కప్పే మంకీ టోపీ. పాపకు ఏటా కొత్తది, దాని తల ఆగకుండా పెరుగుతోంది కాబట్టి. అల్లిక నాకు మా ఊళ్లో చర్చి పక్కన ఉండే టీచరమ్మ నేర్పింది. నల్గొండ ఎండల్లో ఊలు టోపీ ఎవరికే అని మా అమ్మ నవ్వేది. అమ్మ నా పెళ్లికి ముందే పోయింది. అందుకే పుట్టింట్లో జరగాల్సిన మొదటి కాన్పు అత్తగారింట్లో జరిగింది.

నాకు ఏడో నెల వచ్చేసరికి చలికాలం మొదలైంది. లేత పసుపు రంగు ఊలు, పిల్లల కోసమే అమ్మే మెత్తటి రకం తెచ్చుకుని చిన్న టోపీ మొదలుపెట్టాను. రెండు వరుసలు అయ్యాయో లేదో అత్తమ్మ వంటింట్లోంచి చూసింది.

“ఏందే గది? ఎవలికి?”

“పుట్టబోయే పిల్లకు అత్తమ్మా.”

ఆమె గరిటెతోనే బయటికి వచ్చింది. “బిడ్డ భూమ్మీద పడకముందుకే కొత్త గుడ్డలు తయారు చేస్తరా ఎక్కడన్న? పుట్టినంక మీ మామ పాత ధోతి చింపి చుడతం. గట్లనే పెరిగిండ్రు అందరు. పక్కన పెట్టు జర.”

పక్కన పెట్టాను. ఆమె మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు మళ్లీ తీశాను. చదువుకున్నదాన్ని, నాకు ఇవన్నీ పట్టవని పొగరు. డాక్టరమ్మ అప్పటికే బీపీ ఎక్కువుంది, ఉప్పు తగ్గించు, ఊరికే కంగారు పడకు అంది. కంగారు పడకుండా ఉండటానికే అల్లుతున్నాను మరి. వారంలో టోపీ అయిపోయింది. బీరువాలో చీరల కింద దాచాను. దాచానని నేను అనుకున్నాను కానీ ఆ ఇంట్లో అత్తమ్మకు తెలియని మూల లేదు.

ఎనిమిదో నెల పడి వారం తిరగలేదు, ఒక మధ్యాహ్నం తల పగిలిపోతుందేమో అన్నంత నొప్పి వచ్చింది. కళ్ల ముందు మెరుపులు. తర్వాత నడుములోంచి నొప్పులు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. అత్తమ్మ ఆటో పిలిచింది, నన్ను ఎక్కించింది, ఒక్క నిమిషం అని మళ్లీ లోపలికి పరుగెత్తింది. కాగితాలు తెస్తోంది అనుకున్నాను. ఆటో కదిలాక చూస్తే ఆమె ఒడిలో నా టోపీ ఉంది.

మొదట నా జడ విప్పింది. చీర కొంగుకు ఉన్న ముడి విప్పింది. కాన్పు కష్టమయ్యేటప్పుడు ఇంట్లో ముడులన్నీ విప్పాలని వాళ్ల నమ్మకం. తర్వాత టోపీ నెత్తిన నేను వేసిన ముడిని పళ్లతో కొరికి దారం లాగింది. ఒక్కో వరుసా ఊడి వస్తోంది. నేను మధ్యాహ్నాలు దొంగలా కూర్చుని అల్లిన వరుసలు. ఆమె పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుణ్ని మొక్కుతోందో వినపడలేదు. ఎల్బీనగర్ వైపు తిరిగే చోట ట్రాఫిక్‌లో ఆగాం. నేను ఆమె మణికట్టు పట్టుకుని గోళ్లు దిగేలా నొక్కాను. వద్దు అన్నానో, అరిచానో గుర్తులేదు.

“ఊకో బిడ్డా, ఊకో. గిది ఇప్పితెనే మంచిగైతది,” అంటూ చెయ్యి విడిపించుకుంది. నర్సింగ్ హోమ్ ముందు ఆటో ఆగేసరికి టోపీ లేదు. ఆమె ఒడినిండా వంకర్లు తిరిగిన పసుపు దారం ఉంది.

ఆపరేషన్ చేసి పాపను తీశారు. కేజీన్నర కూడా లేదు. పై అంతస్తులో గాజు పెట్టెలో పెట్టారు. నా బీపీ దిగలేదు, మంచం దిగొద్దన్నారు. ఐదు రోజులు నా బిడ్డను ఫోన్‌లో ఫొటోగానే చూశాను. ఫొటోలో తల ఎంత ఉందో తెలియదు, గొట్టాలే కనిపిస్తాయి.

ఆరో రోజు పొద్దున పైనుంచి సిస్టర్ వచ్చింది. కోస్తా వైపు మనిషి, మాటలోనే తెలిసిపోయేది. “పాపకి కాస్త నయంగా ఉందమ్మా. ఇక మీ గుండెల మీద పడుకోబెట్టుకోవాలి, అలా చేస్తేనే పిల్లలు బరువు పెరుగుతారు. కానీ తలకి సరిగ్గా పట్టే టోపీ కావాలండి. వేడంతా తల నుంచే పోతుంది. టోపీ లేకుండా మాత్రం నేను కిందకి తీసుకురాను.”

మా ఆయన బండి తీసి దిల్‌సుఖ్‌నగర్ అంతా తిరిగాడు. తెచ్చిన ఐదు టోపీలూ పాప గడ్డం దాకా జారిపోయాయట. ఆ మాట విని నేను ఏడవలేదు, మండిపోయాను. నా చేత్తో అల్లింది ఉండాల్సింది. ఈ పాటికి నా బిడ్డ నా మీద ఉండాల్సింది. అత్తమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. చూపు ఆమె మీదే పెట్టి, మా ఆయనతో ఇంటి నుంచి సూదులు తెమ్మన్నాను. ఆయన ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఏమీ అనకుండా వెళ్లాడు. ఈ ఏమీ అనకపోవడం ఉంది చూశారా, దాని మీద నాకు ఇంకో కోపం, అది వేరే లెక్క.

సూదులు రాగానే అత్తమ్మ సంచిలోంచి ఊలు తీసింది. అదే పసుపు ఊలు, శుభ్రంగా ఉతికి ఉండ చుట్టింది.

“పుట్టినంక అల్లితే ఏం గాదు. ఇగ అల్లుకో.”

ఆ ఉండను విసిరికొట్టాను. గోడకు తగిలి పక్క మంచం కిందికి దొర్లింది. ఆమె మోకాళ్ల మీద వంగి, చేత్తో దేవులాడి, తీసుకొచ్చి మళ్లీ నా ఒళ్లో పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. నేను పళ్లు బిగించి సూది మీద కుట్లు ఎక్కించడం మొదలుపెట్టాను, మొదటి టోపీకి ఎన్ని వేశానో అన్ని.

“పెద్దగైతది,” అంది.

“నాకు తెలుసు అత్తమ్మా.”

“నువ్వు సూడనే లేదు గద బిడ్డా. నేను దినాం సూస్తున్న అద్దంల నుంచి.” కుడిచేయి పిడికిలి బిగించి నా ముందు పెట్టింది. “గీ పిడికిలి కన్న జర పెద్దగుంటది. గంతే.”

ఆ మణికట్టు మీద నా గోళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. వాటిని చూడకుండా దారాన్ని ఆమె పిడికిలి చుట్టూ తిప్పాను, నా రెండు వేళ్లు లోపలికి పట్టేంత వదులుగా. ఎక్కించినవాటిలో మూడో వంతు కుట్లు తీసేయాల్సి వచ్చింది. సాయంత్రానికి టోపీ అయింది. సిస్టర్ దాన్ని వేడి నీళ్లలో ఉతికించి, ఆరబెట్టి తీసుకెళ్లింది. కాసేపటికి నా బిడ్డను తెచ్చి నా రొమ్ముల మధ్య పెట్టింది. టోపీ కనుబొమల దగ్గర ఆగింది.

అప్పుడే నాకు తెలిసిపోయింది. ఏడో నెలలో నేను అల్లింది నిండు నెలల పిల్లకు. అది విప్పకుండా ఉన్నా, కొట్టు టోపీల్లాగే గడ్డం దాకా జారేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమెకైతే చచ్చినా చెప్పను. జారేదని ఆమె విప్పలేదు కదా. నా చేతిపని బిడ్డకు కీడు చేస్తుందని విప్పింది.

అత్తమ్మ అక్కడితో ఆగినా సరిపోయేది. ఆగలేదు. పాప ఇంటికి వచ్చిన రోజు నుంచి ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ అదే చెబుతుంది. “వద్దంటే ఇనకుండ టోపి అల్లింది, గందుకే ముందుగాల పడ్డది పిల్ల. నేను ఇప్పిన కాబట్టి దక్కింది.” పాలవాడికి చెప్పింది. తుర్కయంజాల్ నుంచి చూడటానికి వచ్చిన చుట్టాలకు చెప్పింది. నేను చాయ్ అందిస్తూ నిలబడి వినాలి. బీపీ వల్ల అన్నాను ఒకసారి. “అగో, బీపీ ఎందుకొచ్చింది మరి?” అంది. ఆ రోజు చాయ్ గ్లాసు ఎంత గట్టిగా పెట్టానంటే అడుగు పగిలింది.

మొన్న పాపకు ఈ ఏటి టోపీ కొలత తీస్తున్నాను. ఒకటో తరగతికి వచ్చింది, కుదురుగా కూర్చోదు. తల తిప్పి అడిగింది, “అమ్మా, నువ్వు టోపీ అల్లినవని నేను సచ్చిపోతుంటినా?”

ఆరేళ్లుగా నేను మింగింది నా బిడ్డ చెవిలోకి వెళ్లింది. అత్తమ్మ పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నా గొంతు వీధి చివరికి వినపడి ఉంటుంది.

“చెప్పండి అత్తమ్మా. నా ముందే చెప్పండి. నా బిడ్డను నేనే చంపబోయానా?”

ఆమె చిక్కుడు తొక్కను ఇటు అటు తిప్పింది. పాప ఆమె మోకాలు పట్టుకుని ఊపింది, “మరి ఎందుకు ఇప్పినవు నానమ్మా?”

“భయమైంది బిడ్డా,” అంది. “మీ అమ్మ కండ్లు తేలేసింది ఆటో ఎక్కంగనే. నాకేం తోచలే. గదొక్కటే యాదికొచ్చింది.”

ఎన్నేళ్లు, ఎంతమంది ముందు ఎంత గొప్పగా చెప్పుకుంది. ఆ ఒక్క మాట ఆరేళ్ల కిందట ఆటోలో నాతో అని ఉంటే, నేను ఆమె చేతిలో గోళ్లు దింపేదాన్ని కాదు. ఆ చెయ్యే పట్టుకుని ఏడ్చేదాన్ని. ఆ రోజు నాకూ అంతే భయంగా ఉండింది.