రెండో మనిషి కూర్చుంటే ఆగిపోయే యంత్రం

ఎనభైల చివర్లో నన్ను రేణిగుంటలోని ఒక కంప్యూటర్ల తయారీ సంస్థలో సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా వేశారు. ఒకే యంత్రానికి నాలుగైదు టెర్మినళ్లు తగిలించి, అందరూ ఒకేసారి పనిచేసుకునే ఏర్పాటు మేము అమ్మేవాళ్లం. కొత్త ప్రాసెసర్‌తో బోర్డు తయారుచేసింది సుగుణ. నగరి నేతవాళ్ల అమ్మాయి. హార్డ్‌వేర్ విభాగంలో నాతో సమానమైన హోదా. ఆ బోర్డు మీద నడిచే కెర్నల్, అంటే యంత్రం పనులన్నిటినీ వంతులవారీగా నడిపించే మూల ప్రోగ్రాము, నా విభాగానిది. పాత యంత్రానికి వాడినదాన్నే తెచ్చి కొత్తదానికి సరిపోయేలా మార్చాం.

ఒక్కరే కూర్చుంటే బాగా నడిచేది. రెండో టెర్మినల్‌లో మరొకరు పని మొదలుపెట్టగానే ఎవరో ఒకరి ప్రోగ్రాము దారితప్పి ఆగిపోయేది. కొనేవాళ్లు మరుసటి వారమే చూడటానికి వస్తున్నారు. ఆలోగా బాగుపడకపోతే ఆ బోర్డును పక్కన పడేసి, సుగుణ బృందాన్ని తలా ఒక ఊరికి బదిలీ చేస్తామని జనరల్ మేనేజరు చెప్పేశారు.

ప్రాసెసర్‌లోని క్యాష్‌ను ఆపి చూశాను. ఇప్పుడే వాడిన ఆదేశాల కోసం మళ్లీ మెమరీ దాకా పోకుండా, వాటిని చేతికందేలా ఉంచే చిన్న నిల్వ అది. ఆపగానే తప్పులు పోయాయి, వేగమూ పోయింది. ఇంకేం, లోపం బోర్డుదేనని అందరూ తేల్చేశారు. సుగుణ ఒప్పుకోలేదు. నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఇద్దరి ప్రోగ్రాములూ ఒకే అడ్రసులో మొదలవతాయి గదా సార్. ఒకరిది ఆపి ఇంకొకరిది ఎత్తుకున్నప్పుడు, మనిషి మారినాడని క్యాష్‌కు చెప్పేదెవరు?"

ఎవరూ చెప్పడం లేదు. మెమరీలో ఎవరి చోటు వారిదే అయినా, ప్రోగ్రాములు వాడే అడ్రసు ఒకటే కావడంతో మొదటివారి ఆదేశాలనే క్యాష్ రెండోవారికి అందిస్తోంది. పాత ప్రాసెసర్‌లో క్యాష్ అన్నదే లేదు కనుక కెర్నల్‌లో దాని ఊసే లేదు. ఒక పని నుంచి మరో పనికి మారే చోట క్యాష్‌ను ఖాళీ చేయించే ఆదేశం చేర్చి, చెరో టెర్మినల్‌లో కూర్చున్నాం. తర్వాత మిగతా వాటిలోనూ మనుషుల్ని కూర్చోబెట్టాం. భోజనాల వేళ దాటినా ఒక్క ప్రోగ్రామూ ఆగలేదు, వేగమూ తగ్గలేదు.

సుగుణ గట్టిగా ఊపిరి వదిలి లేచింది. "మావాళ్లకు చెప్పొస్తా సార్. పొద్దన్నుంచి ఎవురూ అన్నం తినలేదు" అంది. ఆ మాట విన్నాక నాకూ ఆకలి తెలిసింది.

కొనేవాళ్లు వచ్చి చూసి యంత్రాన్ని తీసుకున్నారు. బదిలీల మాట మళ్లీ రాలేదు.

ఒక భాగాన్ని ఆపితే తప్పు కనబడకుండా పోయిందంటే, తప్పు ఆ దారిన పోతోందని మాత్రమే అర్థం. అక్కడ పుట్టిందని కాదు. ఆ తర్వాత ఉద్యోగం చేసినంత కాలం, ఆ భాగం తయారుచేసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని అడగకుండా ఏ లోపం మీదా నేను నివేదిక రాయలేదు.